డేటాబేస్‌లో తెలుగు ప్రశ్నార్థకాలుగా మారిపోతే: మైఎస్‌క్యూఎల్‌లో లోపం పట్టుకుని సరిచేయడం ఎలా

ఫారంలో తెలుగులో టైప్ చేసి సేవ్ కొడితే సైట్‌లో "??????" అని వస్తోంది. లేదా, నిన్నటిదాకా బాగున్న పాత పోస్టులన్నీ సర్వర్ మార్చగానే పిచ్చి గుర్తులయిపోయాయి. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ల మీద తెలుగు సైట్లు నడిపేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇదే. దీనికి దొరికే సలహా కూడా ఎప్పుడూ ఒకటే: "టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చేయండి." యూటీఎఫ్8ఎంబీ4 అంటే తెలుగు, ఎమోజీలు సహా అన్ని అక్షరాలూ పట్టే క్యారెక్టర్ సెట్, అంటే అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి. టేబుల్‌ని మార్చే ఆ ఒక్క పనితో చాలాసార్లు ఏమీ మారదు. కొన్నిసార్లయితే బాగుపడే డేటా కూడా ఇంకో మెట్టు కిందికి జారుతుంది. తెర మీద ఒకేలా కనిపించే ఈ జబ్బు లోపల నాలుగు రకాలు. మీది ఏ రకమో తేలేదాకా టేబుల్‌ని మార్చే ఆల్టర్ కమాండ్ జోలికి పోకండి.

కింద కమాండ్లన్నీ పలికే తీరులో రాశాం. మీరు కొట్టేది మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే.

కావలసినవి

- డేటాబేస్‌లోకి నేరుగా వెళ్లే దారి. పీహెచ్‌పీమైఅడ్మిన్ చాలు, కమాండ్ లైన్ ఉంటే ఇంకా మంచిది.
- ఆల్టర్, అప్‌డేట్ చేసే పర్మిషన్ ఉన్న యూజర్.
- మీ అప్లికేషన్‌లో డేటాబేస్ కనెక్షన్ రాసి ఉన్న ఫైల్.
- మార్చబోయే టేబుల్ ఎంత ఉందో కనీసం అంత ఖాళీ డిస్క్. క్యారెక్టర్ సెట్ మార్చినప్పుడు సర్వర్ టేబుల్‌కి పూర్తి కాపీ కట్టి, తర్వాత పాతదాన్ని తీసేస్తుంది.
- ప్రయోగాలకు వేరే ఖాళీ డేటాబేస్ ఒకటి.
- మీ సర్వర్ వెర్షన్ ఏమిటో. "సెలెక్ట్ వెర్షన్()" అంటే చెబుతుంది. యూటీఎఫ్8ఎంబీ4 అనేది మైఎస్‌క్యూఎల్ 5.5.3 నుంచి ఉంది, 8.0 నుంచి డిఫాల్ట్ అయింది. అంతకుముందు డిఫాల్ట్ ల్యాటిన్1 (పశ్చిమ యూరప్ భాషల క్యారెక్టర్ సెట్), దాని కొలేషన్ (అక్షరాల్ని పోల్చి వరస పెట్టే నియమం) స్వీడిష్. పాత హోస్టింగుల్లో తెలుగు టేబుల్ పక్కన "స్వీడిష్" అని కనిపించేది అందుకే. ఎవరో పొరపాటున ఎంచుకున్నది కాదు.

1. ముందు బ్యాకప్

మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే బ్యాకప్ కమాండ్‌తో తీయండి. డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ ఆప్షన్‌లో యూటీఎఫ్8ఎంబీ4 అని ఇవ్వండి. విండోస్ పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫైల్‌లోకి మళ్లించకండి. పాత పవర్‌షెల్ ఆ ఫైల్‌ని యూటీఎఫ్-16లో రాసేస్తుంది, తిరిగి ఎక్కించేటప్పుడు ఇబ్బంది అవుతుంది. బాణం బదులు డంప్ కమాండ్‌లోనే ఉన్న రిజల్ట్ ఫైల్ ఆప్షన్ వాడండి.

తీసిన బ్యాకప్‌ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి చూడండి. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ని లెక్కలోకి తీసుకోకండి. ఇక నుంచి ప్రతి మార్పూ ముందు ఈ కాపీ మీద, తర్వాతే అసలు దాని మీద.

2. హెక్స్ చూడండి, తెరని నమ్మకండి

అసలు పని ఇక్కడే ఉంది. హెక్స్ అంటే లోపల దాచిన బైట్లను 0-9, ఏ-ఎఫ్ గుర్తుల్లో ఉన్నదున్నట్టు చూపే రూపం. మీ అప్లికేషన్ ఫారం నుంచే "తెలుగు" అన్న ఒక్క మాటను టైటిల్‌గా పెట్టి సేవ్ చేయండి. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో టైప్ చేస్తే లాభం లేదు. దానికి సొంత కనెక్షన్ ఉంటుంది, మీ అప్లికేషన్ తప్పు అందులో బయటపడదు. సేవ్ అయ్యాక డేటాబేస్‌లో ఇలా అడగండి:

సెలెక్ట్ చార్_లెంగ్త్(టైటిల్), లెంగ్త్(టైటిల్), హెక్స్(టైటిల్) ఫ్రమ్ పోస్ట్స్ వేర్ ఐడీ = ఆ వరుస నంబరు;

చార్_లెంగ్త్ అక్షరాలు లెక్కపెడుతుంది, లెంగ్త్ బైట్లు లెక్కపెడుతుంది. "తెలుగు"లో యూనికోడ్ లెక్కన 6 అక్షరాలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఒక్కొక్కటి 3 బైట్లు కాబట్టి మొత్తం 18. తెలుగు అక్షరం ఏదైనా మొదటి బైటు ఈ0, రెండోది బీ0 లేదా బీ1. ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకుంటే హెక్స్ చూడగానే సంగతి తెలిసిపోతుంది.

మీకు వచ్చే జవాబు ఈ నాలుగింటిలో ఒకటి:

- రకం అ: 6 అక్షరాలు, 18 బైట్లు, హెక్స్ ఈ0బీ0ఏ4 ఈ0బీ186 అని మొదలవుతుంది. డేటా నిక్షేపంగా ఉంది. తెర మీద ప్రశ్నార్థకాలు కనిపిస్తున్నా సరే, తప్పు చదివే కనెక్షన్‌దే. 3వ మెట్టుతో మీ పని అయిపోతుంది.
- రకం ఆ: 18 అక్షరాలు, 18 బైట్లు, హెక్స్ మాత్రం పైదే. కాలమ్ ల్యాటిన్1, అందులో తెలుగు బైట్లు పచ్చిగా కూర్చున్నాయి.
- రకం ఇ: 18 అక్షరాలు, 38 బైట్లు, హెక్స్ సీ3ఏ0 సీ2బీ0 అని మొదలవుతుంది. రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది, అంటే ఒకసారి బైట్లుగా మారినదే మళ్లీ బైట్లుగా మారింది. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో చూస్తే నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు ఏ, దాని వెనకే ° గానీ ± గానీ వరసగా కనిపిస్తాయి.
- రకం ఈ: 6 అక్షరాలు, 6 బైట్లు, హెక్స్ 3ఎఫ్3ఎఫ్3ఎఫ్. 3ఎఫ్ అంటే నిజంగానే ప్రశ్నార్థకం. అసలు అక్షరాలు డేటాబేస్‌లో లేవు.

ఒక్క వరుస చూసి ఆగకండి. పాత పోస్టులు ఒక రకం, కొత్తవి ఇంకో రకం ఉండడం చాలా మామూలు. మొదట్లోవి, మధ్యలోవి, నిన్నటివి కనీసం ఒక్కొక్కటి చూడండి.

అక్షరాలకు బదులు చతురస్రపు డబ్బాలు కనిపిస్తుంటే అది ఫాంట్ సమస్య, డేటాబేస్‌ది కాదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్ తెలుగును సరిగ్గా చూపకపోవడం కూడా అంతే. హెక్స్ సరిగ్గా ఉంటే డబ్బాలను పట్టించుకోకండి.

3. కనెక్షన్ సరిచేయండి

టేబుల్ ఎంత శుభ్రంగా ఉన్నా, అప్లికేషన్‌కీ సర్వర్‌కీ మధ్య "నేను పంపేది ఫలానా ఎన్‌కోడింగ్" అన్న ఒప్పందం తప్పితే అక్షరాలు పాడవుతాయి. ముందు ఇప్పుడు ఏముందో చూడండి. అప్లికేషన్ కోడ్‌లోంచే ఈ క్వెరీ నడిపి ఫలితం ప్రింట్ చేయించండి:

షో వేరియబుల్స్ లైక్ 'క్యారెక్టర్_సెట్%';

వచ్చినవాటిలో క్లయింట్, కనెక్షన్, రిజల్ట్స్ అనే మూడూ యూటీఎఫ్8ఎంబీ4 అని ఉండాలి. సిస్టమ్ అనే దాని పక్కన యూటీఎఫ్8 లేదా యూటీఎఫ్8ఎంబీ3 అని, ఫైల్‌సిస్టమ్ పక్కన బైనరీ అని ఉంటాయి. అవి అలాగే ఉండాలి, వాటిని మార్చాలని చూడకండి.

మార్చాల్సిన చోటు భాషను బట్టి:

- పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ఐ: కనెక్ట్ అయిన వెంటనే సెట్_చార్‌సెట్ ఫంక్షన్‌కి యూటీఎఫ్8ఎంబీ4 ఇవ్వండి. "సెట్ నేమ్స్" క్వెరీతోనూ తెలుగు కనిపిస్తుంది గానీ, స్ట్రింగ్‌ని ఎస్కేప్ చేసే ఫంక్షన్‌కి ఆ మార్పు తెలియదు. అందుకే ఫంక్షనే వాడండి.
- పీడీఓ (పీహెచ్‌పీలోనే మరో దారి): డీఎస్ఎన్ అనే కనెక్షన్ స్ట్రింగ్‌లో డేటాబేస్ పేరు తర్వాత చార్‌సెట్ జోడించండి.
- జాంగో: డేటాబేస్ సెట్టింగులో ఆప్షన్స్ కింద చార్‌సెట్.
- నోడ్: కనెక్షన్ ఆబ్జెక్ట్‌లో చార్‌సెట్.
- జావా: యూఆర్ఎల్‌లో క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ ఈక్వల్స్ యూటీఎఫ్-8. ఇక్కడ యూటీఎఫ్8ఎంబీ4 అని రాస్తే జావాకి ఆ పేరు తెలియదు, ఎర్రర్ ఇస్తుంది.
- వర్డ్‌ప్రెస్: కాన్ఫిగ్ ఫైల్‌లో డీబీ చార్‌సెట్.

హెచ్చరిక: మీ డేటా రకం ఆ గానీ ఇ గానీ అయితే, కనెక్షన్ మార్చిన క్షణంలోనే సైట్‌లో పాత పోస్టులన్నీ పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. భయపడి వెనక్కి మార్చేయకండి. ఇంతకాలం రాసేటప్పుడు జరిగిన తప్పు, చదివేటప్పుడు అదే తప్పు తిరగబడి జరగడం వల్ల సరిపోతూ వచ్చింది. ఇప్పుడు ఒక వైపు సరయింది, రెండో వైపు ఇంకా కాలేదు, అంతే. కాబట్టి ఈ మెట్టుకీ 5వ మెట్టుకీ మధ్య సైట్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో ఉంచండి. ఆ గ్యాప్‌లో ఎవరైనా పాత పోస్టు ఎడిట్ చేసి సేవ్ చేస్తే లెక్క మరింత చిక్కుపడుతుంది.

4. కాలమ్ ఏమిటో చూడండి

"షో ఫుల్ కాలమ్స్ ఫ్రమ్ పోస్ట్స్" అనండి. కొలేషన్ గడిలో ప్రతి కాలమ్‌ది విడిగా కనిపిస్తుంది. డేటాబేస్‌ది, టేబుల్‌ది చూసి సరిపెట్టుకోకండి, లెక్కలోకి వచ్చేది కాలమే.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆల్టర్ డేటాబేస్ అంటే ఇకపై పుట్టే టేబుళ్లకు మాత్రమే డిఫాల్ట్ మారుతుంది. ఆల్టర్ టేబుల్‌లో డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ అంటే ఇకపై చేర్చే కాలమ్‌లకు మాత్రమే. ఉన్న కాలమ్‌లు మారాలంటే ఆల్టర్ టేబుల్ తర్వాత "కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్" అనాలి.

కాలమ్ పాత యూటీఎఫ్8, అంటే ఎంబీ3 అయినా తెలుగు చక్కగానే పడుతుంది, ఎందుకంటే మన అక్షరాలు 3 బైట్లే. ఇబ్బంది ఎమోజీతో. దానికి 4 బైట్లు కావాలి. స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను సర్వర్ ఒప్పుకోని సెట్టింగ్) ఉంటే 1366 ఎర్రర్ వస్తుంది. లేకపోతే కనెక్షన్‌ని బట్టి ఎమోజీ బదులు ప్రశ్నార్థకం పడుతుంది, లేదా ఎమోజీ దగ్గర్నుంచి మిగతా వాక్యమంతా తెగిపోతుంది. "కామెంట్ సగమే సేవ్ అవుతోంది" అని ఎవరైనా అంటే తెగినచోట ఒక నమస్కారం ఎమోజీ ఉందేమో అడిగి చూడండి.

1366 విసిగిస్తోందని స్ట్రిక్ట్ మోడ్ తీసేయమని చెప్పేవాళ్లుంటారు. వినకండి. ఆ ఎర్రర్ రాకపోతే రకం ఈ డేటా చప్పుడు లేకుండా పోగవుతుంది.

5. రకాన్ని బట్టి మందు

రకం అ: డేటాకి ఏమీ చేయనక్కర్లేదు. కాలమ్ ఎంబీ3 అయితే కన్వర్ట్ టుతో ఎంబీ4కి మార్చుకోండి. ఇది క్షేమం.

రకం ఆ: ఇక్కడ కన్వర్ట్ టు వాడితే కొంప మునుగుతుంది. సర్వర్ ఆ బైట్లను నిజంగానే ల్యాటిన్ అక్షరాలనుకుని ఒక్కొక్కదాన్నీ మారుస్తుంది, డేటా రకం ఇ అయిపోతుంది. కాలమ్‌ని రెండు అంచెల్లో మార్చాలి. మొదట బైనరీ రకానికి: వార్‌చార్(255) అయితే వార్‌బైనరీ(255)కి, టెక్స్ట్ అయితే బ్లాబ్‌కి, మీడియం టెక్స్ట్ అయితే మీడియం బ్లాబ్‌కి. తర్వాత అక్కణ్నుంచి యూటీఎఫ్8ఎంబీ4 వార్‌చార్ లేదా టెక్స్ట్‌కి. బైనరీ మధ్యలో ఉంటే సర్వర్ బైట్లను ముట్టుకోదు, పేరు మాత్రమే మారుతుంది.

ఆల్టర్ టేబుల్‌లో కాలమ్‌ని మార్చే మోడిఫై రాసేటప్పుడు నాట్ నల్, డిఫాల్ట్ విలువ రెండోసారి కూడా రాయండి, రాయకపోతే పోతాయి. ఆ కాలమ్ మీద ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ ఉంటే ముందు తీసేసి చివర్లో మళ్లీ పెట్టండి.

రకం ఇ: కాలమ్ ఇప్పటికే యూటీఎఫ్8ఎంబీ4, చెడింది లోపలి అక్షరాలు. వెనక్కి ఒక అంచె విప్పాలి. ముందు సెలెక్ట్‌తో చూడండి:

సెలెక్ట్ ఐడీ, కన్వర్ట్(క్యాస్ట్(కన్వర్ట్(టైటిల్ యూజింగ్ ల్యాటిన్1) యాజ్ బైనరీ) యూజింగ్ యూటీఎఫ్8ఎంబీ4) ఫ్రమ్ పోస్ట్స్ వేర్ హెక్స్(టైటిల్) లైక్ '%సీ3ఏ0సీ2బీ%';

తెలుగు సరిగ్గా కనిపిస్తే అదే సూత్రాన్ని, అదే వేర్ షరతుతో అప్‌డేట్‌గా మార్చి నడపండి. వేర్ షరతు మరిచిపోతే ఇప్పటికే సరిగ్గా ఉన్న వరుసలు ల్యాటిన్1లోకి వెళ్లబోయి ప్రశ్నార్థకాలవుతాయి, అవి మరి తిరిగి రావు. ఈ గైడ్ మొత్తంలో అతి ప్రమాదకరమైన కమాండ్ ఇదే. అప్‌డేట్‌కి ముందు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టండి (కమిట్ అనేదాకా మార్పు ఖాయం కాదు), మార్పు చూసుకుని కమిట్ ఇవ్వండి.

సెలెక్ట్‌లో కొన్ని వరుసలకు నల్ వస్తే ఆగండి. అవి చివర తెగిన వరుసలై ఉంటాయి. వార్‌చార్(255)లో మామూలుగా 255 తెలుగు అక్షరాలు పడతాయి, రెండుసార్లు ఎన్‌కోడ్ అయితే ఒక్కోటి మూడయి 85 మాత్రమే పడతాయి. మిగతాది అప్పుడే తెగిపోయింది. అలాంటివాటికి చివరి ఒకటి రెండు అక్షరాలు లెఫ్ట్ ఫంక్షన్‌తో కోసి మళ్లీ ప్రయత్నించండి, మిగిలినంత దక్కుతుంది.

ఈ పనిని పైథాన్ స్క్రిప్ట్‌తో చేద్దామనుకునేవారికి ఒక మాట. మైఎస్‌క్యూఎల్ ల్యాటిన్1 అనేది నిజానికి విండోస్ 1252, అందులోనూ ఖాళీగా ఉన్న ఐదు గళ్లను (81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ) అది తనకు తానే నింపుకుంది. మన కొమ్ము చివరి బైటు 81, పొల్లు చివరి బైటు 8డీ. పైథాన్‌లో సీపీ1252 (విండోస్ 1252కి అక్కడి పేరు) ఈ రెంటి దగ్గరా ఎర్రర్ ఇస్తుంది. దాని బదులు పైథాన్ ల్యాటిన్1 వాడితే ఎత్వం, గ లాంటివాటి దగ్గర ఆగిపోతుంది. కొమ్ములూ ఒత్తులూ లేని తెలుగు ఎక్కడుంది? అందుకే విప్పే పని మైఎస్‌క్యూఎల్ లోపలే చేయండి. తెర మీది పిచ్చి గుర్తుల్ని కాపీ చేసి ఎక్కడో కన్వర్టర్‌లో అతికించడమూ వద్దు, కంటికి కనిపించని ఆ బైట్లు దారిలోనే రాలిపోతాయి.

రకం ఈ: కమాండ్‌తో ఏమీ రాదు. ముందు కాలమ్‌ని ఎంబీ4కి మార్చి నష్టాన్ని ఆపండి. తర్వాత పాత బ్యాకప్, కామెంట్ రాగానే అడ్మిన్‌కి వెళ్లిన ఈమెయిళ్లు, వేబ్యాక్ మెషీన్ కాపీలు వెతకండి. సొంత సర్వర్ అయితే బైనరీ లాగ్ (మార్పులన్నీ నమోదయ్యే ఫైల్) చూడండి. అది స్టేట్‌మెంట్ పద్ధతిలో నడుస్తుంటే పంపిన అసలు ఇన్సర్ట్ వాక్యం తెలుగుతో సహా అందులో ఉండొచ్చు. రో పద్ధతి అయితే (5.7.7 నుంచి డిఫాల్ట్ ఇదే) అక్కడా ప్రశ్నార్థకాలే.

6. ఇండెక్స్ అడ్డం తిరిగితే

ఎంబీ4కి మారుస్తుంటే 1071 ఎర్రర్ రావచ్చు: కీ మరీ పొడవు, 767 బైట్లకు మించకూడదు అని. ఎంబీ4లో వార్‌చార్(255) అంటే 255 × 4 = 1020 బైట్లు. పాత రో ఫార్మాట్‌లో (టేబుల్ వరుసల్ని డిస్క్ మీద దాచే పద్ధతి) 767 దాటకూడదు. టేబుల్ రో ఫార్మాట్‌ని డైనమిక్ చేస్తే హద్దు 3072 అవుతుంది. అది కుదరని పాత హోస్టింగ్ అయితే ఇండెక్స్‌ని మొదటి 191 అక్షరాలకు కుదించండి (191 × 4 = 764). చాలా ప్రాజెక్టుల్లో కనిపించే 191 అనే వింత అంకె వెనక కథ ఇదే.

రెండు టేబుళ్లు జాయిన్ చేస్తే 1267, కొలేషన్ల కలగలుపు కుదరదని వస్తే, ఒక టేబుల్ మార్చి రెండోది మరిచిపోయారన్నమాట. మైఎస్‌క్యూఎల్ 8 నుంచి తీసిన డంప్‌ని పాత మరియాడీబీలో ఎక్కిస్తే 0900 అని ఉన్న కొలేషన్ తెలియదంటుంది. డంప్ ఫైల్‌లో దాని బదులు యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_సీఐ పెట్టండి.

7. సరయిందో లేదో చూసుకోవడం

అప్లికేషన్ ఫారం నుంచే "శ్రీ" అని రాసి పక్కన ఒక ఎమోజీ పెట్టి, మధ్యలో ఖాళీ లేకుండా సేవ్ చేయండి. చార్_లెంగ్త్ 5, లెంగ్త్ 16 రావాలి. "శ్రీ"లో శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి 4 అక్షరాలు 12 బైట్లు, ఎమోజీ 1 అక్షరం 4 బైట్లు. ఎమోజీగా మామూలు నవ్వు ముఖం వాడండి. చర్మపు రంగు ఎంచుకున్నవి, జెండాలు ఒకటి కంటే ఎక్కువ అక్షరాలు.

తర్వాత హెక్స్‌లో సీ3ఏ0సీ2బీ ఉన్న వరుసల్ని కౌంట్‌తో లెక్కపెట్టండి. సున్నా రావాలి. టైటిల్ ఒక్కటే కాదు, ట్యాగులు, కేటగిరీలు, కామెంట్లు, యూజర్ పేర్లు, సెట్టింగుల టేబుల్ అన్నిటిలోనూ. చివరికి సైట్ సెర్చ్‌లో ఒక తెలుగు మాట వెతికి పాత పోస్టూ కొత్త పోస్టూ రెండూ వస్తున్నాయో చూడండి.

"శ్రీ"కి 4 పడుతుందన్నది ఫారం డిజైన్‌లోనూ గుర్తుంచుకోవాలి. పేరుకి వార్‌చార్(20) ఇచ్చి "వేంకటసుబ్రహ్మణ్యం" లాంటి పేరుతో ఒకసారి పరీక్షించండి. చూడ్డానికి తొమ్మిది అక్షరాలే, లెక్కకి 17. ఇంటిపేరు రాయడానికి చోటే లేదు.

ఇలా కనిపిస్తే డేటాబేస్‌ని అనుమానించకండి

- చివర నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం: కోడ్‌లో వాక్యాన్ని బైట్ల లెక్కన కోశారు. పీహెచ్‌పీలో సబ్‌స్టర్ బదులు ఎంబీ_సబ్‌స్టర్ వాడండి. అయినా గుణింతం ఊడిపోవచ్చు, కాబట్టి కోసేది ఖాళీ ఉన్నచోట కోయండి.
- యూ0సీ24యూ0సీ46 లాంటి అంకెల వరస: జేసన్ చేసిన టెక్స్ట్ నుంచి బ్యాక్‌స్లాష్‌లు ఎవరో తీసేశారు. ప్రతి ముక్కా ఒక అక్షరం నంబరే కాబట్టి చిన్న స్క్రిప్ట్‌తో తిరిగొస్తుంది. ఇకముందు జేసన్ ఎన్‌కోడ్‌కి అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ ఆప్షన్ ఇవ్వండి.
- త లాంటివి: ఫారం ఉన్న పేజీ యూటీఎఫ్-8 అని ప్రకటించుకోలేదు, బ్రౌజరే అక్షరాల్ని నంబర్లుగా మార్చి పంపింది. పేజీ హెడ్‌లో మెటా చార్‌సెట్ పెట్టండి. పాతవాటిని ఎంటిటీ డీకోడ్ ఫంక్షన్‌తో విప్పండి.
- ఎక్సెల్ నుంచి తెచ్చిన సీఎస్‌వీ మొత్తం ప్రశ్నార్థకాలు: మామూలు సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడే తెలుగు పోయింది. "సీఎస్‌వీ యూటీఎఫ్-8" రకం ఎంచుకుని మళ్లీ సేవ్ చేయండి. లోడ్ డేటా కమాండ్‌లోనూ క్యారెక్టర్ సెట్ విడిగా చెప్పండి.
- మాట కళ్లెదుటే ఉంది, సెర్చ్‌లో మాత్రం దొరకదు: "ఫేస్‌బుక్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించని విడదీత అక్షరం ఒకటి ఉంటుంది. కొందరు టైప్ చేస్తారు, కొందరు చేయరు. హెక్స్‌లో ఈ2808సీ కనిపిస్తే అదే. సెర్చ్ కోసం వేరే కాలమ్ పెట్టి, అందులో ఆ అక్షరం తీసేసిన పాఠం దాచండి. వెతికే మాట నుంచి కూడా దాన్ని తీసేశాకే క్వెరీకి పంపండి.